నాలుగింటి మిస్డ్ కాల్

సాలూరులో లారీ ఆఫీసు రాజకుమారికి విజయనగరంలో ఒక మొగుడున్నాడని, ఆ పెళ్లి పందిరీ బాజా లేకుండా కంప్యూటర్‌లోనే జరిగిపోయిందని ఒక మాట చాలాకాలంగా తిరుగుతోంది. తాళికి బదులు పాస్‌వర్డు ఇచ్చిపుచ్చుకున్నారట. ఆ మొగుణ్ని చూసినవాళ్లు లేరు, పేరు తెలిసినవాళ్లు లేరు. ఎవరిని అడిగినా తమకు ఫలానా మనిషి చెప్పాడంటారు. ఆ ఫలానా మనిషిని పట్టుకుంటే, అతను అడగడానికి వచ్చినవాడి బావమరిది పేరే చెబుతాడు. ఇన్నేళ్లలో ఒక్కరూ రుజువు చూపించలేదు. అయినా ఆ పెళ్లి నిలబడింది. మేళతాళాలతో జరిగిన పెళ్లిళ్లు ఈలోగా ఎన్నో విడిపోయాయి.

మాట పుట్టడానికి కారణం లేకపోలేదు. రోజూ నాలుగింటికి రాజకుమారి ఫోను ఒక్కసారి మోగుతుంది. ఒక్కసారే. ఆమె ఎత్తదు. తెర వంక చూస్తుంది, కుర్చీలో వెనక్కి వాలుతుంది, అప్పుడు ఆమె మొహంలో ఒక వెలుగు వస్తుంది. ఆఫీసుకి ఎదురుగా టిఫిన్ బండి పెట్టిన మరిడమ్మ ఆ వెలుగులోనే రాత్రి పిండికి మినప్పప్పులో రాళ్లు ఏరుకుంటుందని చెప్పుకుంటారు. నాలుగు ఇంకా రాత్రి కాదు కదా అని ఎవరూ అడగలేదు.

సాలూరు సంగతి తెలిసినవాళ్లకు కొత్తగా చెప్పేదేం లేదు. అక్కడ మనుషులకన్నా లారీలు ఎక్కువ. పసిపిల్లలు అమ్మా అనడం కన్నా ముందు 'రానీ, రానీ, ఆపు' అంటారు. జగన్నాధం లారీ ఆఫీసు మెయిన్ రోడ్డు మీద ఉంది. ముందు గదిలో జగన్నాధం, ఆయన పొట్ట, దేవుడి పటాలు. వెనక గదిలో రాజకుమారి, ఒక కంప్యూటరు, కాగితానికి బొమ్మ తీసే ఒక స్కానరు, వీధిలోకి ఒక కిటికీ. ఆమెకు యాభై దగ్గర పడుతోంది. పెళ్లి చేసుకోలేదు. చేసుకోవేమని అడిగేవాళ్లు కూడా అలిసిపోయి ఆపేశారు. తల్లి పోయాక ఒక్క గది అద్దెకి తీసుకుని ఉంటోంది. ఆమె వండుకునే అన్నం ఎంత తక్కువంటే, కుక్కర్ ఈల వెయ్యడానికి మొహమాట పడుతుందని మరిడమ్మ అంటుంది.

ఆమె పని ఇది. ఇక్కడి లారీలు ఘాట్ రోడ్డెక్కి కొరాపుట్ మీదుగా రాయ్‌పూర్ దాకా సరుకు వేసుకుపోతాయి. అక్కడి గోడౌను వాళ్లు సరుకు దింపుకుని, డెలివరీ చలానా మీద సంతకం పెట్టి సీలు వేసి ఇస్తారు. డ్రైవరు ఆ చలానా తెచ్చి రాజకుమారికి ఇస్తే, ఆమె స్కాను చేసి, లోడ్లు ఇచ్చే కంపెనీ విజయనగరం ఆఫీసుకి పంపాలి. ఒకప్పుడు వాట్సాప్‌లో పంపేవారు. ఒకసారి జగన్నాధం తానే పంపబోయి, చలానాని అత్తవారి గ్రూపులో పెట్టాడు. సీలూ సంతకాలూ చూసిన ఆయన అత్తగారు అల్లుణ్ని పోలీసులు పట్టుకున్నారనుకుని, రెండు ఆటోల నిండా బంధువులతో ఏడుస్తూ సాలూరు దిగింది. వాళ్లందరికీ ఆ పూట మరిడమ్మ ఇడ్లీలే దిక్కయ్యాయి. దాని సంగతి ఎలా ఉన్నా, గ్రూపులో ఉన్న ఇంకో లారీల ఆయన ఆ చలానా చూసి, గోడౌను ఎక్కడో కనిపెట్టి, లోడు తన్నుకుపోయాడు. దాంతో కంపెనీ వాళ్లు ఇక వాట్సాప్ మాట ఎత్తవద్దని చెప్పి, విశాఖపట్నం నుంచి ఒక ఇంజనీరుని పంపారు.

ఆ ఇంజనీరు వచ్చి కంప్యూటర్‌లో ఒక నల్ల తెర తెరిచాడు. అందులో బొమ్మల్లేవు, బటన్లు లేవు, ఒక చిన్న గీత మాత్రం మిణుకుమంటూ ఉంది. అక్కడ ఎస్‌సీపీ అని మూడక్షరాలు కొట్టాలి. తర్వాత పంపాల్సిన ఫైలు పేరు, తర్వాత విజయనగరం కంప్యూటర్ పేరు, దాని పక్కన నిలువుగా రెండు చుక్కలు, ఆ తర్వాత ఫైలు ఏ అరలో పడాలో ఆ అర పేరు. ఎంటర్ నొక్కితే ఫైలు తాళం వేసిన పెట్టెలో కూర్చుని పోతుంది. దారిలో ఎవరు ఆపి చూసినా పిచ్చిగీతలే కనిపిస్తాయి. ఆ పెట్టెని అవతలి కంప్యూటర్ ఒక్కటే తెరవగలదు.

ఇంజనీరు ఇంకొక మాట కూడా చెప్పాడు, దాన్ని రాజకుమారి మంత్రంలా పట్టుకుంది. ప్రతి కంప్యూటర్‌కీ ఒక వేలిముద్ర ఉంటుంది, అక్షరాల ముద్ర. మొదటిసారి కలిసినప్పుడు మన కంప్యూటర్ ఆ ముద్ర గుర్తుపెట్టుకుంటుంది. ఎప్పుడైనా అవతల వేరే యంత్రం వచ్చి కూర్చుంటే ముద్ర కుదరదు, మనది గోల పెడుతుంది. అప్పుడు ఏమీ పంపకూడదు. అవతలి మనిషిని నోటితో అడిగి, ముద్రలో అక్షరాలు ఒక్కొక్కటే చదివించుకుని, సరిపోయాకే ముందుకెళ్లాలి.

మొదటి వారం ఆమె రెండు చుక్కలు పెట్టడం మర్చిపోయింది. చుక్కలు లేకపోతే ఆ కంప్యూటర్ అది ఊరి పేరని అనుకోదు. అక్కడికక్కడే ఇంకో కాపీ చేసి పక్కన పెట్టేస్తుంది, తప్పని కూడా చెప్పదు. లారీ గేటు దాటకుండా యార్డులోనే తిరుగుతూ ఉంటే, డ్రైవరు మాత్రం రాయ్‌పూర్ పోయి వచ్చానని చెప్పినట్టన్నమాట. అలా చలానాలన్నీ ఆమె గదిలోనే పోగుపడ్డాయి. ఆమె మాత్రం పంపేశాననుకుని పొంగిపోతూ ఉంది. చివరికి విజయనగరం నుంచి ఫోనొచ్చింది. ఒక నెమ్మదైన మగ గొంతు.

"అమ్మా, నాను కృపానిధినండి, ఇజీనారం కంప్యూటర్ కాడ ఉంటాను. మీవి ఒక్కటీ రానేదు. రేపట్నించి వొస్తే ఒక మిస్డ్ కాల్ కొడతాను. ఎత్తకండేం."

అంతే మాట్లాడాడు. లారీల లైన్లో ఉన్నవాళ్లకి మిస్డ్ కాల్ కొత్త కాదు. ఘాట్ దిగితే ఒకటి, సరుకు దించితే రెండు. ఇప్పుడు ఎంతసేపు మాట్లాడినా అదే ఖర్చు, అయినా ఆ అలవాటు పోలేదు. డ్రైవరు పెళ్లాం ఆ మోత విని అన్నం వార్చుకుంటుంది. మాట్లాడితే వంద సంగతులు వస్తాయి. మోతలో ఒక్కటే సంగతి ఉంటుంది, బాగానే ఉన్నామని.

మర్నాడు రాజకుమారి చుక్కలు పెట్టి పంపింది. నాలుగింటికి ఫోను ఒక్కసారి మోగింది.

అప్పట్నించి ఏళ్లు గడిచాయి. కృపానిధి మళ్లీ మాట్లాడలేదు, ఆమె కూడా ఫోను చెయ్యలేదు. కానీ రాజకుమారి రోజంతా ఆ మోత చుట్టూ కట్టుకుంది. పొద్దున్న డ్రైవర్లు చలానాలు తెస్తే, నలిగినవాటిని అరచేత్తో సాపు చేసి స్కాను చేసేది. కంపెనీకి కావలసింది సీలు ఒక్కటే అయినా, చలానా నాలుగు మూలలూ కనిపించేలా తీసేది, చూసేవాడికి బాగుండాలి కదా అని. ఒకసారి చలానా మీద టీ మరక ఉంటే, అది డ్రైవరు చేసిందే గానీ తన చెయ్యి కాదని అవతలి మనిషికి ఎలా చెప్పాలో తెలియక సాయంత్రమంతా బాధపడిందట. భోజనం ఆఫీసులోనే చేసేది. ఇంటికి వెళ్తే పలకరించేది ఫ్యాను ఒక్కటే, అది కూడా కరెంటు ఉంటేనే. ఆమె ఫోనుకి ఇంకెవరి దగ్గరనుంచీ కాల్ రాదు. లోన్ ఇస్తామనే వాళ్లు కూడా ఆమెను వదిలేశారని మరిడమ్మ ప్రచారం. అది మాత్రం నిజం కాకపోవచ్చు.

అందుకే ఆఫీసు సెలవైన ఆదివారాలు ఆమెకు గిట్టవు. ఆదివారం నాలుగవుతుంది, కానీ నాలుగైనట్టు ఉండదు.

ఈ శీతాకాలంలో ఒక మధ్యాహ్నం ఆమె ఎప్పట్లాగే నల్ల తెరలో వరస కొట్టి ఎంటర్ నొక్కింది. ఫైలు పోలేదు. దాని బదులు జిలేబీ చుట్టల్లాంటి గుర్తులు తెర ఈ చివర నుంచి ఆ చివరకి బారులు తీరాయి. వాటి కింద ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఏదో కేకలు వేస్తున్నట్టు ఉంది. రాజకుమారి ఇంటర్ దాకా చదివింది, కూడబలుక్కుని చదివింది. అవతలి యంత్రం ముద్ర మారిందట. ఎవరో చెడ్డపని చేస్తుండొచ్చట. మీరు మాట్లాడేది ఎవరో చాటుగా వింటుండొచ్చట.

ఆమె ఆ వరస చెరిపేసింది. ఇంకోసారి కొట్టింది. మళ్లీ జిలేబీలు.

జగన్నాధం గుమ్మంలోకి వచ్చి ఏమైందన్నాడు. ముద్ర మారిందండి అంది. మారితే మారింది, ఏదో ఒకటి నొక్కి పంపించెయ్యమన్నాడు. ఆయన అల్లుడికి ఫోన్ చేస్తే అతను కూడా, పాత ముద్ర చెరిపేసే మాటొకటుంది, అది కొట్టి 'యెస్' అంటే పోతుంది, ఒక్క నిమిషం పని అన్నాడు. రాజకుమారి ఆ ఒక్క నిమిషం పని చెయ్యలేదు. ఇంజనీరు చెప్పినట్టు అవతలి మనిషి నోటితో చెప్పాకే పంపుతానంది. అయితే ఫోన్ చెయ్యొచ్చు కదా అన్నాడు జగన్నాధం.

చెయ్యొచ్చు. ఆ నంబరు ఆమెకి తన పేరుకన్నా బాగా తెలుసు. కానీ ఫోను చేతిలోకి తీసుకుంటే ఏళ్ల తరబడి లేని సిగ్గంతా ఆ వేలి కొసకి వచ్చి కూర్చుంది. చూద్దాం అనుకుంది. ఈరోజు చలానాలు వెళ్లలేదు. నాలుగింటికి అతను చూసుకుంటాడు, రాలేదే అనుకుంటాడు, మిస్డ్ కాల్ కొట్టడు. కాసేపు ఆగి అతనే మాట్లాడ్డానికి చేస్తాడు, మొదట్లో చేసినట్టు. అప్పుడు ముద్ర అడగొచ్చు. నిజం చెప్పాలంటే ఆమెకి కొంచెం సంతోషం కూడా వేసింది. 'బాగున్నారాండి' అని ముందు అనాలా, 'ముద్ర మారింది' అని ముందు అనాలా అని చాలాసేపు ఆలోచించింది. కొప్పు కూడా సరిచేసుకుందని కిటికీలోంచి చూసినవాళ్లు చెబుతారు, ఫోనులో కొప్పు కనిపించదని తెలిసి కూడా.

నాలుగయింది. ఫోను ఒక్కసారి మోగింది. ఆగిపోయింది.

రాజకుమారి దాని వంక చూస్తూ ఉండిపోయింది. ఏమీ పంపలేదు. ఒక్క చలానా కూడా గది దాటలేదు. అయినా అవతల నుంచి చేరిందని కబురొచ్చింది.

ఆ రోజు ఆమె మొహంలో వెలుగు రాలేదు. మరిడమ్మ కిటికీ దగ్గరికొచ్చి ఏటే కుమారీ అలాగున్నావంది. ఏం లేదంది. లోపల మాత్రం ఒక పాత సంగతి తిరుగుతోంది. కొన్నేళ్ల కిందట ఘాట్ రోడ్డులో జగన్నాధం లారీ ఒకటి దొంగలపాలైంది. డ్రైవర్ని చెట్టుకి కట్టేసి, సరుకు దింపుకుపోతూ, ఆ దొంగలు అతని ఫోనులోంచి ఆఫీసుకి రెండు మిస్డ్ కాల్స్ కొట్టారు. లైను అలవాటు వాళ్లకీ తెలుసు. ఇక్కడ అందరూ సరుకు దిగిందనుకుని హాయిగా కూర్చున్నారు. ఆ డ్రైవరు తెల్లవార్లూ చెట్టుకే ఉన్నాడు. తన క్షేమం తన ఫోనే చెప్పిందని అతనికి తెలీదు.

ముద్ర మారింది. అంటే కంప్యూటర్ కృపానిధిది కాదు. ఫోనేమో పంపని సరుకు చేరిందంటోంది. అంటే ఫోను కూడా అతని చేతిలో లేదు. మరి అతను ఎక్కడున్నాడు? ఆమెకి అన్నం సయించలేదు. జగన్నాధానికి చెబితే, చలానాల కోసం విజయనగరం కంప్యూటర్ గుమస్తాని చెట్టుకి కట్టేసే దొంగలు ఏ ఊళ్లో ఉన్నారమ్మా అన్నాడు. లారీకి జరిగినప్పుడు కూడా మొదట అలాగే అన్నారు అంది ఆమె. ఆ నంబరుకి ఫోను చెయ్యడం ఇప్పుడు అసలు కుదరదు. దొంగ ఎత్తితే దొంగకి తెలిసిపోతుంది. మనిషిని మనిషి వెళ్లి చూడాల్సిందే.

మర్నాడు పొద్దున్న ఆమె బస్సెక్కింది. తెర మీది కొత్త ముద్రని ఫోన్లో ఫోటో తీసుకుంది. రామభద్రపురంలో బస్సు ఆగినప్పుడు కూరగాయల గంపలు ఎక్కాయి, గజపతినగరంలో కాలేజీ పిల్లలు ఎక్కారు. ఆమె కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చుంది. కృపానిధి ఎలా ఉంటాడో ఆమెకి తెలీదు. సన్నగా ఉంటాడని ఒకసారి, కళ్లజోడు ఉంటుందని ఒకసారి అనుకునేది. ఆ పొద్దున్న ఏ రకంగానూ అనుకోలేకపోయింది. గుర్తుపట్టలేని మనిషి కోసం ఎలా వెతకడం?

కంపెనీ ఆఫీసు కోట దాటాక ఒక మేడ మీద ఉంది. కింద గదికి తాళం. పైన పృథ్వీరాజ్ అని ఒక మేనేజరు కూర్చున్నాడు, మంచివాడే. సాలూరు నుంచి వచ్చానంటే మంచినీళ్లు తెప్పించాడు. ముద్ర మాట చెబితే నాలుక కరుచుకున్నాడు. పాత కంప్యూటర్ పాడైతే మొన్న కొత్తది పెట్టించారట, సాలూరు ఆఫీసుకి కబురు పెట్టడం మర్చిపోయారట. అడగడానికి మీరొక్కరే వచ్చారు, మిగతా ఊళ్లవాళ్లందరూ 'యెస్' కొట్టేసుకున్నారు అన్నాడు, మెచ్చుకోలుగానే. తన బల్ల మీది కంప్యూటర్‌లోనే ఆ కొత్త యంత్రం ముద్ర తీసి చదివాడు. ఆమె ఫోటోలో వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం చూసింది. అన్నీ సరిపోయాయి. యంత్రం మంచిదే. దొంగలెవరూ లేరు.

"మరి కృపానిధిగారు?"

పృథ్వీరాజ్ కొంచెం ఆలోచించాల్సి వచ్చింది. ఆయనా, వానలకి ముందే మాన్పించేశాం అన్నాడు. కింద గదిలో ఫైళ్లు చూసుకోడానికి మనిషి అక్కర్లేదని పైవాళ్లు చెప్పారట. ఫైలు వస్తే దానంతటదే అరలోకి వెళ్తుంది, అక్కణ్నించి దానంతటదే లెక్కలోకి ఎక్కుతుంది. ఆ గదిలో కంప్యూటర్ ఒక్కటే నడుస్తోందట, లైటు కూడా వెయ్యరట.

రాజకుమారి మెట్లు దిగింది. తాళం వేసిన గది కిటికీలోంచి చూసింది. చీకట్లో ఒక పచ్చ దీపం మిణుకుమంటోంది. ఒక కుర్చీ గోడకి తిప్పి పెట్టి ఉంది. వానల ముందు నుంచీ ఆమె సాపు చేసిన చలానాలు, నాలుగు మూలలూ కనిపించేలా తీసినవి, ఈ చీకటి గదికే వచ్చాయి. ఇప్పటిదాకా వాటిని చూసింది ఆ పచ్చ దీపమే.

బస్సు కాంప్లెక్సులో సిమెంటు బల్ల మీద కూర్చుంది. సాలూరు బస్సు వచ్చింది, ఎక్కలేదు. ఇంకొకటి వచ్చింది. కండక్టరు రెండుసార్లు పిలిచాడు, ఆమెని కాదనుకుంది. చుట్టూ ఆ జిల్లాలో ఉన్న మనుషులంతా ఆ పూటే ప్రయాణం పెట్టుకున్నట్టు కిటకిటలాడుతున్నారు. వాళ్లలో ఒక్కరికీ ఆమె పేరు తెలీదు. ఫోను ఒళ్లో పెట్టుకుని గడియారం వైపు చూస్తూ కూర్చుంది.

నాలుగింటికి ఫోను మోగింది.

ఒక్క మోత ఎంతసేపని? లారీ హారను ఒకసారి కొట్టినంత. ఆ కాస్తలోనే, ఇన్నేళ్లు ఎత్తని రాజకుమారి ఎత్తేసింది.

"ఎత్తేసినారేటమ్మా," అంది గొంతు. అదే గొంతు, కాస్త ముసలిదైంది.

"నిన్న నాను ఏటీ పంపనేదండి. ఇయ్యాళా పంపనేదు."

ఆమె ఆగకుండా అడిగేసింది.

"మరి సేరినట్టు ఎందుకు కొట్టినారు?"

"నానిప్పుడు ఆఫీసులో ఉండటం నేదమ్మా. మాన్పించేసినారు."

"తెల్సింది. ఆ గది కాడికెల్లే వస్తన్నాను."

"ఇజీనారం వచ్చినారా?" అన్నాడతను. తర్వాత సంజాయిషీ మొదలుపెట్టాడు. "నాలుగయితే సెయ్యి ఊరుకోదమ్మా. మొదట్లో అనుకున్నాను, ఒక్కసారే కొట్టకపోతే మీరు గాబరా పడతారని. రెండు రోజులు కొట్టి ఊరుకుందామనుకున్నాను."

"అయితే ఇన్నాళ్లూ నా పైల్లు సేరినాయో నేదో మీకు తెల్దు."

"తెల్దు."

"నాకు మీరు కొడితేనే సేరినట్టు. అది అబద్దమన్నమాట."

"అబద్దమేనమ్మా. ఆదివారం చర్చిలో ఒప్పేసుకుంటన్నాను. సోమారం నాలుగింటికి మళ్లీ కొట్టేస్తన్నాను."

రాజకుమారికి నవ్వు రాబోయి ఆగింది. దొంగలు చెట్టుకి కట్టేశారేమోనని ఈమె రాత్రంతా పడ్డ బాధ అతనికి చెబుదామనుకుంది, చెప్పలేదు. అతను రామతీర్థం వెళ్లే దారిలో ఒక ఊళ్లో ఉంటున్నాడట. ఇంట్లో తనొక్కడేనట. కంప్యూటర్ గదిలో ఉన్నప్పుడు కూడా ఒక్కడే, కానీ అక్కడ ఫైళ్లు వచ్చేవి కదమ్మా అన్నాడు. చలానాలు అందరూ ఏదో ఒక పక్క నరికేసి పంపేవారట. నాలుగు మూలలతో వచ్చేవి సాలూరువేనట. ఒకసారి టీ మరక వచ్చిందని, సాలూరులో వాన పడుతోందేమో, టీ తాగుతున్నారేమో అనుకున్నానని చెప్పాడు.

"ఇంక కొట్టకండి," అంది రాజకుమారి.

"కొట్టనమ్మా."

ఇద్దరూ పెట్టెయ్యలేదు. అతని వైపు నుంచి మేకలు అరుస్తున్నాయి, ఈమె వైపు పార్వతీపురం, పార్వతీపురం అని కండక్టరు అరుస్తున్నాడు. ఆ అరుపులు ఒకరివి ఒకరు విన్నారు. ఛార్జింగ్ ఎవరిది అయిపోయిందో తెలీదు, లైను తెగిపోయింది.

మర్నాడు ఆఫీసులో ఆమె పాత ముద్ర చెరిపేసింది. కంప్యూటర్ అడిగింది, ఈ కొత్త యంత్రాన్ని నేను ఎరగను, నమ్మమంటావా అని. అక్షరాలు మళ్లీ ఒకసారి సరిచూసుకుని 'యెస్' కొట్టింది. ఆగిపోయిన చలానాలన్నీ ఒకదాని వెనక ఒకటి పోయాయి. ప్రతిదాని పక్కనా నూరు శాతం అని పడింది. మొదటి నుంచీ అలాగే పడుతూ ఉంది, ఆమె ఎన్నడూ దాన్ని లెక్కపెట్టలేదు. జగన్నాధం తొంగిచూసి, అయిపోయింది కదా, ఈపాటి దానికి బస్సెక్కి ఊరేగి వచ్చావన్నాడు.

నాలుగయింది. ఫోను మోగలేదు.

ఆమె ఫోను తిప్పి చూసింది. ఛార్జింగ్ ఉంది, సిగ్నల్ ఉంది. వద్దన్నది తనే, అతను మాట నిలబెట్టుకున్నాడు. అయినా కిటికీలోంచి, అక్క వరస కలుపుకున్న మరిడమ్మని పిలిచి ఒకసారి నాకు ఫోను కొట్టప్పా, మోగుతుందో లేదో చూద్దాం అంది. మరిడమ్మ కొట్టింది. బాగానే మోగింది. మోగకపోతే బాగుండేదని ఆమె మొహం చూస్తే తెలిసిపోయింది.

ఆ మర్నాడూ మోగలేదు. ఆ తర్వాతా మోగలేదు. వారమంతా ఆదివారంలా నడిచింది. ఆ రోజుల్లో రాజకుమారి ఎంత మౌనంగా ఉండేదంటే, స్కానరు చప్పుడుకి ముందు గదిలో జగన్నాధం ఉలిక్కిపడి లేచేవాడట. చలానాలు సాపు చెయ్యడం మానేసింది. మూలలు నరికినవే పంపింది. వాటి పక్కన కూడా నూరు శాతమే పడింది, కంప్యూటర్‌కి తేడా తెలీలేదు.

తర్వాత ఒక సాయంత్రం, చలానాలు వెళ్లాక, ఆమె తెర మీద నూరు శాతం చూసింది. దాని వంకే చాలాసేపు చూసింది. చేరింది. అబద్ధం కాదు, ముద్ర సరిచూసి పంపినదే, నిజంగా చేరింది. ఆ నిజం సాలూరులో ఆమె ఒక్కత్తెకే తెలుసు. దాని కోసం ఎదురుచూసిన మనిషి ఒక్కడే, అతనికి మాత్రం చెప్పేవాళ్లు లేరు. చేరిందో లేదో తెలియకుండానే ఇన్నాళ్లూ చేరిందని చెప్పినవాడు ఇప్పుడు ఏ కబురూ లేకుండా మేకల మధ్య కూర్చుని ఉంటాడు.

ఫోను తీసింది. ఆ నంబరు నొక్కింది. ఒక్క మోత అవతల మోగిందనిపించగానే కట్ చేసింది. అతను తిరిగి చెయ్యలేదు. చెయ్యడు కూడా, లైను పద్ధతి తెలిసినవాడు. ఆమె కుర్చీలో వెనక్కి వాలలేదు, మొహంలో వెలుగేమీ రాలేదు. నలిగిన చలానా ఒకటి దగ్గరికి లాక్కుని అరచేత్తో సాపు చెయ్యడం మొదలుపెట్టింది.

అదంతా కిటికీలోంచి చూసిన మరిడమ్మ ఊరుకుంటుందా? బండి వదిలేసి, అట్టుముక్క ఒకటి ఆకులో పెట్టుకుని గదిలోకి వచ్చి, అటూ ఇటూ చూసి అడిగేసింది. కృపానిధి అంట, మాన్పించేసినారంట, నువ్వు ఇజీనారం ఎల్లి కాంప్లెక్సులో కూకుని ఏడ్సినావంట, ఇప్పుడు నువ్వే కొడతన్నావంట, అంతా నాకు తెల్సిపోయింది, ఇప్పుడైనా నిజం సెప్పవే కుమారీ అంది.

రాజకుమారి అట్టుముక్క అందుకుంది. తల ఎత్తలేదు.

"నీకు ఎవులు సెప్పినారో గానీ అప్పా, అందులో ఒక్క ముక్క నిజం నేదు. నాను ఇజీనారం ఎల్లి ఎన్నేళ్లయినాదో నాకే గుర్తు నేదు. ఆ రోజు జొరమొచ్చి ఇంట్లో తొంగున్నాను. మిస్డ్ కాలంటావా, ఏలు తగిలి ఎల్లిపోయుంటాది. ఆ పేరు గల మనిసిని నాను ఎరగను."